ఇంగ్లండు వెళ్లగోరే నర్సు చెల్లెళ్లకు

హోసూరు నుంచి ఒక సోదరి జాబు వ్రాశారు. ఆమె కుమార్తె బెంగుళూరులో నర్సింగు చదివి నాలుగేండ్లుగా చెన్నైలో పనిచేస్తున్నదట. ఇంగ్లండు పంపిస్తానని ఒక ఏజెంటు నాలుగు లక్షలు అడుగుతున్నాడు. “ఇంటివారికి మిగిలిన అరెకరం తాకట్టు పెట్టవచ్చునా?” అని ఆమె ప్రశ్న. ఇటువంటి జాబులే మరి రెండు మూడు వచ్చి ఉన్నవి గనుక ఈ నెల శీర్షిక అంతా దీనికే.

అమ్మా, తాకట్టు మాట మానండి. ఉద్యోగం చూపినందుకు అభ్యర్థి దగ్గర రుసుము తీసుకోరాదని ఇంగ్లండు ప్రభుత్వపు నియమావళే చెబుతున్నది. మన దేశంలో 1983 నాటి ఎమిగ్రేషను చట్టం క్రింద ఏజెంటుకు రిజిస్ట్రేషను ఉండాలి. అది ఉన్నదీ లేనిదీ ప్రభుత్వపు ఈ-మైగ్రేట్‌లో చూడవచ్చును. అసలు లైసెన్సు ఏజెంటు చేతిలోని వస్తువే కాదు. అక్కడి నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్‌కు అమ్మాయి తానే అర్జీ పెట్టుకొని, తానే పరీక్షలు గెలవాలి.

మొదటిది ఇంగ్లీషు. మనం ఇంగ్లీషులోనే చదివామంటే చాలదు. ఐఇఎల్‌టిఎస్ అకడమిక్ పరీక్షలో చదువు, వినికిడి, మాట ఒక్కొక్కదానిలో 7, వ్రాతలో 6.5 రావాలి. లేదా ఓఇటి అనే పరీక్షలో ఆ మూడింటిలో బి, వ్రాతలో సి ప్లస్. ఓఇటి వైద్యవృత్తి వారికోసమే ఏర్పడినది గనుక వార్డులో పనిచేసిన పిల్లలకు అది కాస్త పరిచయమైన దారి అని నా అభిప్రాయం.

రెండవది కంప్యూటరు మీద వ్రాసే పరీక్ష, సిబిటి. దీనిని మన దేశంలోనే వ్రాయవచ్చును. మందుల మోతాదు లెక్కలు ఒక భాగం, నర్సింగు ప్రశ్నలు ఒక భాగం.

మూడవది ఓస్కీ. ఇది ఇంగ్లండు చేరిన తరువాత నార్తాంప్టన్, ఆక్స్‌ఫర్డు, లీడ్సు మొదలైన చోట్ల జరుగుతుంది. పది స్టేషన్లు. నాలుగింటిలో రోగిని పరిశీలించడం, ప్రణాళిక వ్రాయడం, మందులివ్వడం, మరొక నర్సుకు అప్పగించడం. మరి నాలుగు చేతిపనులు. రెండు కేవలం వ్రాత. మన పిల్లలకు చేతిపని రాక కాదు చిక్కు. మన వార్డులో ఒక్క నర్సు ముప్పై మందిని చూచుకుంటూ, “చెయ్యి చాపండి” అని సూది వేసి వెళ్లిపోతుంది. అక్కడ ముందు తన పేరు చెప్పుకోవాలి. రోగి పేరు, పుట్టిన తేదీ అడిగి మణికట్టు పట్టీతో సరిచూడాలి. ఏ మందైనా పడదా అని అడగాలి. ఏమి చేయబోతున్నదీ చెప్పి సరేననిపించుకోవాలి. చేతులు కడగడం కూడా చూస్తారు. వీటిలో ఒకటి మరచినా దెబ్బే. అందుచేత ఈ అలవాటు ఇక్కడి వార్డులోనే నేటినుంచి మొదలుపెట్టమనండి. దానికి ఖర్చేమీ లేదు. ఒక అర్జీ మీద ఓస్కీకి మూడు అవకాశాలు మాత్రమే.

ఇక మనబోటి ప్రవాసాంధ్ర కుటుంబాలకు ప్రత్యేకమైన తంటా పేరు. బడి రికార్డులో ఇంటిపేరు ఒక్క ఇనిషియల్. పాస్‌పోర్టులో ఆ స్థానాన తండ్రిపేరు. పెండ్లయితే మగనిపేరు. నర్సింగు కౌన్సిలు సర్టిఫికెట్టులో ఇంకొకటి. ఇవన్నీ ఒకే మనిషివని దూరదేశపు గుమాస్తాకు ఎట్లా తెలుస్తుంది? ఇంగ్లీషు పరీక్షకు డబ్బు కట్టకముందే ఈ కాగితాలన్నీ బల్లమీద పరచి చూచుకోవాలి. చదివినది కర్ణాటకలో, పనిచేసేది తమిళనాడులో గనుక రెండు కౌన్సిళ్లలోనూ పేరు ఎట్లా నమోదయిందో, రిజిస్ట్రేషను గడువు దాటిందేమో కూడా చూడాలి. కౌన్సిలు ధ్రువీకరణ లేకపోతే అర్జీ కదలదు.

ఖర్చు సంగతి. 2025 నాటి లెక్కలో సిబిటికి 83, అర్జీ పరిశీలనకు 140, ఓస్కీకి 794, నమోదుకు 153, వెరసి 1,170 పౌండ్లు. ఇంగ్లీషు పరీక్ష, వీసా వేరు. ఉద్యోగమిచ్చే ఆసుపత్రులు చాలావరకు ఓస్కీ రుసుము, విమానం టిక్కెట్టు భరించేవి. కాని అట్లా భరించినచోట, గడువుకు ముందే మానితే ఇంత తిరిగి కట్టాలనే షరతు ఒప్పందంలో ఉంటుంది. ఎంత, ఎన్నాళ్లవరకు అన్నది చదవనిదే సంతకం చేయరాదు.

ఒక చేదుమాట కూడా చెప్పాలి. 2025లో ఇంగ్లండు బయటి దేశాల నర్సులను తీసుకోవడం బాగా తగ్గించింది. ఇంగ్లీషు, సిబిటి గెలిచి కూడా ఉద్యోగానికి ఎదురుచూచే పరిస్థితి ఉన్నది. “ముందు కేర్ వర్కరుగా పోయి తరువాత నర్సు కావచ్చు” అని ఏజెంటు అంటే నమ్మకండి. బయటి దేశాల నుంచి ఆ పనికి కొత్తగా వీసాలివ్వడం 2025 జూలైలోనే ఆపివేశారు. అమ్మాయి చెన్నై ఉద్యోగం వదలకుండా ఇంగ్లీషు పరీక్షకు చదవనివ్వండి. ఆ మార్కులు రెండేండ్లు చెల్లుతవి.

జర్మనీ గురించి రాయచూరు నుంచి అడిగినవారికి వచ్చే నెల జవాబు.