ప్రశ్న పిల్లలకు, జవాబు పెద్దలది



పేరెంట్స్ మీటింగ్‌లో నేను ఎక్కువగా వినే మాట ఒకటుంది. "మేడం, మా వాడికి గ్రామర్ అంతా వచ్చు, కానీ ఇంగ్లిష్‌లో నోరు తెరవడు." నిజమే. అయితే అదే మీటింగ్‌లో నాకు కనిపించేది ఇంకోటి కూడా ఉంది. "ఏం నాన్నా, ఈసారి సైన్స్‌లో మార్కులు ఎందుకు తగ్గాయి?" అని పిల్లవాణ్ణి అడుగుతాను. వాడు గొంతు సవరించుకునే లోపే నాన్నగారు అందుకుంటారు, "జ్వరం వచ్చింది మేడం" అని. అమ్మగారు కలుపుతారు, "జ్వరం కాదు మేడం, ఫోను." వాడు నేల చూపులు చూస్తుంటాడు. నాలుగు నిమిషాల్లో మీటింగ్ అయిపోతుంది. వాడు తెలుగులో కూడా నోరు తెరవలేదు.

ఇది ఇప్పుడు రాయడానికి కారణం మా బ్రాంచిలో పదో తరగతి చదివి వెళ్ళిన ఒక అమ్మాయి. ప్రస్తుతం జర్నలిజంలో పీజీ చేస్తోంది. సంక్రాంతికి ఊరొచ్చి, బడి తెరిచాక ఒకరోజు వచ్చి మా తొమ్మిదో తరగతి పిల్లలతో ఒక పీరియడ్ మాట్లాడింది. పేరు వేయవద్దంది, అందుకే వేయడం లేదు. ఆ అమ్మాయి చెప్పిన వాటిలో జర్నలిజం తక్కువ, రోజూ మనుషులతో మెలగడం ఎక్కువ.

కోర్సులో చేరిన మొదటి వారమే వాళ్ళ సార్ అందరినీ బస్టాండుకు పంపారట. రెండు గంటల్లో ఎవరితోనైనా మాట్లాడి ఒక వార్త రాసుకుని రావాలి. ఈ అమ్మాయి నలభై నిమిషాల పాటు ఎవరినీ పలకరించలేక స్తంభం పక్కనే నిలబడి పోయిందట. పదో తరగతిలోనూ ఇంటర్‌లోనూ మంచి మార్కులు తెచ్చుకున్న పిల్ల. చివరికి పూలమ్మే ఒకావిడ దగ్గరికి వెళ్ళి, పుస్తకం తెరిచి, "మీ పేరేంటి?" అని అడిగింది. ఆవిడ పైకీ కిందికీ చూసి, "ఎందుకమ్మా, పథకం ఏమన్నా వచ్చిందా?" అన్నదట. మా క్లాసు క్లాసంతా నవ్వింది. కానీ అక్కడే తనకు మొదటి పాఠం తెలిసిందని చెప్పింది. నువ్వెవరో, ఎందుకొచ్చావో ముందు చెప్పుకోవాలి. ఆ తర్వాతే ఎదుటివాళ్ళ పేరు అడగాలి. ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్ళినా, బ్యాంకులో అకౌంట్ తెరవడానికి వెళ్ళినా, హాస్టల్ వార్డెన్ ముందు నిలబడినా పని మొదలయ్యేది అక్కడే. అది ఏ గైడులోనూ ఉండదు.

ఇంకో మాట చెప్పింది, నాకు బాగా నచ్చింది. ఎదుటి మనిషి మాట్లాడటం ఆపగానే మనం తర్వాతి ప్రశ్నకు ఎగబడకూడదట. కాసేపు ఊరుకుంటే వాళ్ళే ఇంకో మాట చెబుతారు, అసలు సంగతి తరచుగా అందులోనే ఉంటుంది. టీచర్‌గా నాకిది వెంటనే పనికొచ్చింది. క్లాసులో ప్రశ్న వేసి పది సెకన్లు ఆగి చూస్తున్నాను. వెనక బెంచీల నుంచి కూడా జవాబులు వస్తున్నాయి.

మిర్చి యార్డు సంగతి కూడా చెప్పింది. గుంటూరు యార్డుకు వెళ్ళి ఆ రోజు తేజ రకం ధర కనుక్కు రమ్మన్నారు. టిక్కీల మీద కూర్చున్న రైతు ఒక ధర చెప్పాడు, కమిషన్ ఏజెంటు ఒకటి చెప్పాడు, బోర్డు మీద ఇంకోటి ఉంది. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. రైతు తన మచ్చుకు పలికిన ధర చెప్పాడు, ఏజెంటు మంచి కాయకు పలికినది చెప్పాడు, బోర్డు మీద ఆ రోజు గరిష్ఠ ధర రాసి ఉంది. "ఒకరు చెబితే అది సమాచారం కాదు, ఇంకొకరిని కూడా అడగాలి" అని ఆ పిల్ల అంటుంటే మా పిల్లల్లో సగం మంది తలలూపారు. వాళ్ళ ఇళ్ళలో కల్లాలున్నాయి, తాలు కాయలు ఏరే కూలీలున్నారు, ఈ లెక్క వాళ్ళకు తెలుసు. కాకపోతే ఇది చదువు కిందికి వస్తుందని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. వాట్సాప్‌లో వచ్చిన ప్రతి ఫార్వర్డ్‌నూ నమ్మే మన పెద్దవాళ్ళకు కూడా ఈ యార్డు పాఠం ఒకసారి చెప్పించాలని నాకనిపించింది.

మీలో కొందరికి ఇప్పటికే కంగారు పుట్టి ఉంటుంది. "మేడం, మా పాపను విలేకరిని చేయమంటారా?" అని. లేదండీ. మండల స్థాయిలో పనిచేసే విలేకరుల పరిస్థితి మీకూ తెలుసు. చాలామందికి నెల జీతం ఉండదు, లైన్ అకౌంటు మీద, ప్రకటనల కమిషన్ మీద నెట్టుకొస్తారు. ఆ రంగం మీద ఇష్టం ఉన్నవాళ్ళకు మన దగ్గరే ఆచార్య నాగార్జున యూనివర్సిటీలో కోర్సు ఉంది, ఢిల్లీలో ఐఐఎంసీ ఉంది. మిగతా పిల్లలు ఎంసెట్ రాసుకోవచ్చు. (దాని పేరు ఈఏపీసెట్ అయి ఏళ్ళు గడిచినా మన నోట ఇంకా ఎంసెట్టే.) నేను అడుగుతున్నది ఆ కోర్సులో మొదటి నెలలో నేర్పే నాలుగు పనుల గురించి. పలకరించడం, అడగడం, వినడం, సరిచూసుకుని రాయడం. ఇంజనీరుకు అవి అక్కర్లేదా? డాక్టరుకు అక్కర్లేదా?

వేరే రాష్ట్రంలో ఇంజనీరింగ్ చేస్తున్న మన ఊరి కుర్రాడొకడు మెస్ బిల్లులో పొరపాటు పడితే రెండు నెలలు అలాగే కట్టాడు. ఆఫీసుకు వెళ్ళి "ఇది ఎందుకు ఎక్కువ వచ్చింది?" అని అడగడానికి వాడికి నోరు రాలేదు. మూడో నెలలో నాన్నకు చెబితే ఆయన కొట్టు మూసి, రాత్రి బస్సెక్కి వెళ్ళి, పది నిమిషాల్లో సరిచేయించుకుని తిరిగొచ్చారు. ఆయన గొప్పగానే చెప్పారు నాతో. నాకు మాత్రం భయమేసింది. బిల్లు కాబట్టి సరిపోయింది. అదే జ్వరమైతే? సీనియర్లు ఏడిపించడమైతే? నాన్న ఎన్నిసార్లు బస్సెక్కగలరు?

ఇంగ్లిష్ సంగతికి వస్తాను, నా సబ్జెక్టు అదే కదా. "నా సెలవులు" అని ఇంగ్లిష్‌లో పేరా రాయమంటే ముప్ఫై ఎనిమిది మందిలో ముప్ఫై మంది ఒకటే పేరా రాశారు. అమ్మానాన్నలతో పార్కుకు వెళ్ళారట, ఐస్‌క్రీమ్ తిన్నారట, చాలా ఆనందించారట. వాళ్ళలో చాలామంది ఊళ్ళలో పార్కే లేదు! గైడులోని పార్కు అది. వాళ్ళకు ఇంగ్లిష్ రాకపోవడం కాదు, చెప్పడానికి వాళ్ళ దగ్గర తమదైన మాట లేదు.

ఆ అమ్మాయి వచ్చి వెళ్ళాక పని మార్చాను. ఇంట్లో ఎవరినైనా ఒకరిని కూర్చోబెట్టి, తెలుగులోనే, వాళ్ళ పని గురించో చిన్నతనం గురించో అడగండి అన్నాను. ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా అనే ఆరు ప్రశ్నలు పుస్తకంలో పైన రాసుకోమన్నాను. తర్వాత దాన్ని ఇంగ్లిష్‌లో ఎనిమిది వాక్యాలు చేసుకు రమ్మన్నాను.

ఏం తెచ్చారనుకుంటున్నారు! ఒక అబ్బాయి పిడుగురాళ్ళ దగ్గర సున్నం బట్టీలో మేనేజరుగా చేసే మామయ్యను అడిగాడు. సున్నపురాయి కాల్చడానికి బొగ్గు ఎందుకు, బట్టీలోకి రాయి ఎలా దించుతారు, కాల్చిన సున్నం మీద నీళ్ళు పడితే ఎందుకు పొంగుతుంది అని. మూడోది వాడి కెమిస్ట్రీ పాఠమే! పుస్తకంలో సమీకరణం బట్టీపట్టాడు, బట్టీ ఉన్నది తన ఊరి పక్కనే అని గమనించలేదు. మాచర్ల వైపు నుంచి వచ్చే ఇంకో పిల్ల నాపరాళ్ళ క్వారీలో పనిచేసిన తాతయ్యను అడిగింది. మరొకడు కోటప్పకొండ తిరునాళ్ళకు తమ ఊరి ప్రభ కట్టే పెద్దాయన దగ్గరికి వెళ్ళి, అంత ఎత్తు ప్రభ దారిలో ఒరిగిపోకుండా ఎలా తీసుకెళ్తారో కనుక్కొచ్చాడు. తాళ్ళు ఎటు ఎంతమంది పట్టుకుంటారో బొమ్మ కూడా గీశాడు.

అన్నిటికన్నా నాకు గుర్తుండిపోయింది గురజాల వైపు పిల్ల రాసింది. నాయనమ్మను చిన్నప్పుడు ఏం తినేవారో అడిగింది. నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలింది 1967 ఆగస్టులో. అంతకు ముందు వాళ్ళింట్లో రోజూ జొన్న అన్నమే, వరి అన్నం పండగకే. కుడి కాలువ నీళ్ళు వాళ్ళ పొలానికి వచ్చాక మొదటిసారి వడ్లు పండిన ఏడు, నాయనమ్మ వాళ్ళ అమ్మ మొదటి అన్నం వార్చి ముందు కాలువ గట్టు మీద పెట్టి దండం పెట్టిందట. శ్రీనాథుడు పల్నాటి జొన్నకూడును వెక్కిరించాడని తెలుగు మాస్టారు చెబుతుంటే పిల్లలు నవ్వేవాళ్ళు. ఆ పిల్ల చదివాక ఎవరూ నవ్వలేదు. ఆమె ఇంగ్లిష్ వాక్యాల్లో మూడు చోట్ల కాలం తప్పింది, ఒక చోట ఆర్టికల్ లేదు. వాటిని దిద్దడానికి నాకు ఐదు నిమిషాలు పట్టింది. పార్కు పేరాలో దిద్దడానికి ఏమీ ఉండదు, కానీ పిల్లలకు అందులో నేర్చుకునేదీ ఉండదు. పైగా ఆ పిల్ల చదివేటప్పుడు కాగితం చూడలేదు. తన నాయనమ్మ గురించి ఎవరో తప్పుగా అనుకుంటారేమోనన్నట్టు మా ముఖాలు చూస్తూ చెప్పింది. మీరు "నోరు తెరవడం" అంటారే, నాకు తెలిసి అది ఇదే.

అడగడం మన ప్రాంతానికి కొత్త కాదు. పుల్లరి గొడవ రోజుల్లో పల్నాడు రైతుల కష్టాలు స్వయంగా విచారించడానికి వచ్చి అరెస్టయి జైలుకు వెళ్ళినవారు ఉన్నవ లక్ష్మీనారాయణ గారు. ఆయన పుట్టిన వేములూరుపాడు మనకు దగ్గరి ఊరే. బారిస్టరు చదివిన మనిషి పల్లెల్లో తిరిగి మనుషుల మాట విన్నాడు. ఆ తర్వాత వచ్చిందే "మాలపల్లి". మన కాలంలో పి. సాయినాథ్ గారున్నారు, మద్రాసులో పుట్టిన తెలుగువారు. 1993లో ఒక ఫెలోషిప్ తీసుకుని దేశంలోని అతి పేద జిల్లాలు తిరిగి, అక్కడి మనుషులు చెప్పింది చెప్పినట్టు రాశారు. 2007లో రామన్ మెగసెసే అవార్డు అందుకున్నారు. ఆయన 2014లో మొదలుపెట్టిన "పరి" అనే ఇంటర్నెట్ పత్రికలో చేనేతవాళ్ళు, కూలీలు, కళాకారుల కథనాలు తెలుగులోనూ ఉంటాయి, ఇంగ్లిష్‌లోనూ ఉంటాయి. ఒకే కథనాన్ని రెండు భాషల్లో చదివించండి. స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసుకు ఇచ్చే డబ్బు మిగులుతుందని అనను గానీ, ఆ క్లాసుకు పనికొచ్చే సరుకు దొరుకుతుంది. పల్నాడు అనగానే గొడవల వార్తలే కనిపిస్తాయని మనమంతా బాధపడతాం. మిగతా పల్నాడు గురించి అడిగి రాసేవాళ్ళు ఈ పిల్లల్లోంచే రావాలి కదా.

మీ ఇంట్లో దీనికి పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు "ఎక్కడ నొప్పి?" అని ఆయన అడిగేది పిల్లవాణ్ణి, వాణ్ణే చెప్పనివ్వండి. సగం చెప్పి ఆగినా మీరు అందుకోకండి. రీఛార్జి షాపుకో, మీసేవకో, మందుల షాపుకో పంపి, వచ్చాక "ఏమన్నారు? ఎందుకట?" అని అడగండి. రాత్రి భోజనాల దగ్గర పేపర్లో జిల్లా పేజీ ఒక్కటి చదివించి, అందులో రాయని సంగతి ఒకటి కనిపెట్టమనండి. నీళ్ళు రాలేదని వార్త ఉంటుంది, ఎన్ని రోజులనుంచో ఉండదు. అది పట్టుకోగలిగిన పిల్లకు లెక్కల్లో ఇవ్వని విలువ ఏదో కూడా కనిపిస్తుంది. ఆడపిల్లల విషయంలో ఇంకొంచెం గట్టిగా చెబుతాను. "ఎక్కువ ప్రశ్నలు వేయకు" అనే మాట వాళ్ళు అబ్బాయిలకన్నా ఎక్కువసార్లు వింటారు. అదే పిల్లను ఇంటర్వ్యూలో ధైర్యంగా మాట్లాడమంటే ఎక్కణ్ణుంచి తెస్తుంది?

మా టైంటేబుల్లోనూ ప్రశ్నలకు చోటు తక్కువే. ఉదయం స్లిప్ టెస్టు, సాయంత్రం స్టడీ అవర్, మధ్యలో సిలబస్. ఈ పత్రిక ప్రిన్సిపాల్ గారు చదివాకే అచ్చుకు వెళ్తుంది కాబట్టి ఆయనకు తెలిసేలాగే రాస్తున్నాను. వారానికి ఒక్క పీరియడ్ దీనికి ఇమ్మని అడిగాను, ఎనిమిది, తొమ్మిది తరగతులకు ఒప్పుకున్నారు. పదో తరగతికి పబ్లిక్ పరీక్షలయ్యే దాకా అడగవద్దన్నారు.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో ఆ రెండు తరగతుల పిల్లలు ముందు మాట్లాడతారు. రెండు నిమిషాలు, తెలుగులో అయినా సరే, ఇంగ్లిష్‌లో అయినా సరే. ఈ నెల ఏం బాగా వచ్చింది, ఏం రాలేదు, ఎందుకు రాలేదు అన్నది వాళ్ళే చెబుతారు. ఆ తర్వాత మీరు మాట్లాడవచ్చు. ఈ లోగా మీ పిల్లలు పుస్తకం పట్టుకుని మీ కొట్టుకో, పొలానికో, ఆఫీసుకో వచ్చి మీ పని గురించి అడుగుతారు. ఆదివారం గిరాకీ ఎక్కువగా ఉంటే సోమవారం సాయంత్రం రమ్మనండి, కానీ రమ్మనండి. "నీకెందుకురా ఇవన్నీ, చదువుకో" అని మాత్రం పంపేయకండి.