గిరణ్‌గావ్: మూడవ వంతు కథ

ముంబయిలోని పరేలు, లాల్‌బాగ్, వర్లీ ప్రాంతములను అక్కడివారు గిరణ్‌గావ్ అంటారు. మిల్లుల ఊరు అని అర్థము. 1854లో కావస్‌జీ దావర్ తొలి నూలుమిల్లుకు పూనుకొన్నది మొదలు ఆ నగరము నూలుపోగు పట్టుకొనియే పెరిగినది. మదన్‌పురాలో ఉత్తర హిందూస్థానము నుండి వచ్చిన మోమిన్ నేతగాండ్రు. వర్లీ చాళ్లలో తెలంగాణములో మగ్గము విడిచి వెళ్లిన మన పద్మశాలీలు. ఉర్దూ, తెలుగు, మరాఠీ ఒకే సైరను కూతకు నిద్ర లేచినవి. కుటుంబములను ఊళ్లలో విడిచి వచ్చినవారికి వేళకింత అన్నము పెట్టినది ఖానావళులు నడిపిన స్త్రీలు. ఆ నగరచరిత్రలో వారికి దక్కిన చోటు చాల తక్కువ.

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వమున ఇంచుమించు రెండున్నర లక్షల మంది పని మానిరి. ఆ సమ్మె ముగిసిన తీరు అందరికీ తెలిసినదే. ఆపైన మిగిలినది భూమి: సుమారు 600 ఎకరములు.

మిల్లుల చోట మేడలు లేచినందుకు మాకు విచారము లేదు. పాడుపడిన గోడలను పూజించుటయు మా ఉద్దేశము కాదు. మా ఆక్షేపణ కొలతను గురించినది. 1991 నిబంధన ప్రకారము మిల్లు భూమిలో ఇంచుమించు మూడవ వంతు నగరమునకు, మూడవ వంతు ప్రజల ఇండ్లకు, తక్కినది యజమానికి. 2001లో ఆ నిబంధనను సవరించి, కట్టడములు లేని ఖాళీ స్థలమునకే ఈ పంపకము వర్తించునన్నారు. పదునైదు ఎకరముల మిల్లు ఒకటి ఉన్నదనుకొందము. అందు పండ్రెండు ఎకరములలో షెడ్లున్నవి. పాత లెక్కన ప్రజలకు దాదాపు పది ఎకరములు రావలెను. కొత్త లెక్కన రెండు. షెడ్లను కూల్చిన తరువాత ఆ నేలయు ఖాళీయే గదా అని సామాన్యుడు అడుగును. 2005లో బొంబాయి హైకోర్టు ప్రజల పక్షమున తీర్పు చెప్పినది. 2006లో సుప్రీంకోర్టు దానిని త్రోసిపుచ్చి సవరణనే నిలబెట్టినది. న్యాయస్థానము తీర్పును శిరసావహింతుము. కాని చట్టబద్ధమైనదెల్లా ధర్మబద్ధమని ఒప్పుకొనలేము.

ఫీనిక్స్ మిల్లు ఉన్న చోట నేడు అంగళ్ల సముదాయమున్నది. మిల్లు కార్మికులలో కొందరికి చీట్లు తీసి ఇండ్లు ఇచ్చిరి, ఎదురుచూచువారే ఎక్కువ. 2024లో వారికి ముంబయి వెలుపల, దూరమున ఉన్న శేలు, వాంగణీలలో ఇండ్లు చూపగా, మాకు ముంబయిలోనే కావలెనని వారు పట్టుపట్టిరి. ఆ పట్టు న్యాయమైనదని మా అభిప్రాయము.

1934లో ఆరంభమైన వరంగల్లు ఆజంజాహీ మిల్లు కూడ మూతపడి, దాని నేల చేతులు మారినది. అక్కడ ఎవరి వాటా ఎంత అయినదో మన విద్యార్థులు పత్రములు తిరగవేసి, వచ్చే సంచికకు వ్రాసి పంపగలరా?