నడుం వాల్చే బండి

క్యారవాన్ అనగానే ఎవరికైనా సినిమా షూటింగే గుర్తొస్తుంది. లోపల ఏసీ, సోఫా, అద్దం చుట్టూ బల్బులు... బయట గొడుగు పట్టుకుని ఎదురుచూసే కుర్రాడు! అలాంటిది కొనాలంటే ఇల్లు అమ్ముకోవాలి. రెండ్రోజుల సెలవు దొరికితే ఊరు దాటి వెళ్లి, రాత్రికి బండిలోనే నడుం వాల్చి, పొద్దున్నే అక్కడే టీ కాచుకుని తిరిగి వచ్చే మామూలు కుటుంబానికి అంత హంగు అక్కర్లేదు. మంచి సెకండ్‌హ్యాండ్ వ్యాను ఒకటి చాలు. చిక్కల్లా ఆ ‘మంచి’ అన్న మాట దగ్గరే.

ఓరుగల్లు ప్రాంతానికి బండిలో బస కొత్తేమీ కాదు. రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతరకు జనం తరాలుగా ఎడ్లబండి మీద గూడు కట్టుకునే వెళ్లారు. అడుగున గడ్డి, దాని మీద బొంత. పడుకోవడానికి మెత్త, దారిలో ఎడ్లకు మేత... రెండూ ఆ గడ్డే. బియ్యం, ఉప్పూకారం, కోళ్లు, పిల్లలు అన్నీ ఆ గూటిలోనే. దిగిన చోట మూడు రాళ్లు పెడితే పొయ్యి. తర్వాత ట్రాక్టర్లు, డీసీఎంలు, ఆటోలు, కార్లు వచ్చాయి. ప్రయాణం తొందరగా అయిపోతోంది కానీ, కాళ్లు చాపుకునే చోటు మాత్రం పోయింది.

జనగామలో ఓ ఉపాధ్యాయుడి కుటుంబాన్ని ఊహించుకోండి. మాస్టారు, ఆయన భార్య, ఇంటర్ చదివే కొడుకు, ఏడో తరగతి కూతురు, డెబ్భై దాటిన నాయనమ్మ. నాయనమ్మకు మోకాళ్ల నొప్పులు. గంటన్నర కూర్చుంటే పాదాలు వాచిపోతాయి. ఓపిక ఉండగానే కాళేశ్వరం చూడాలని ఆవిడ కోరిక. ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్న గుడి, గోదావరిలో ప్రాణహిత కలిసే చోటు. జనగామ నుంచి వరంగల్, భూపాలపల్లి మీదుగా సుమారు 170 కిలోమీటర్లు. మిగతావాళ్లు కారులో ఒక్కరోజులో వెళ్లి రాగలరు. ఆవిడ రాలేదు. దారిలో పడుకునే వీలుంటేనే ఆ ప్రయాణం. అందుకని మాస్టారు చిట్టీ ఎత్తారు. ఆ డబ్బు ఒక్కసారే వస్తుంది. తప్పు బండి కొంటే కాళేశ్వరానికి బదులు మెకానిక్ షెడ్డు చుట్టూ తిరగాల్సిందే.

ఈ డబ్బులో ముందుగా కనిపించేది ఓమ్నీ. 1984లో మారుతి వ్యాన్‌గా వచ్చి, ఆ తర్వాత ఓమ్నీ పేరు పెట్టుకుని, 2019లో తయారీ ఆగిపోయిన బండి. 796 సీసీ ఇంజిన్. ఏ మండల కేంద్రంలోనైనా దీని సంగతి తెలిసిన మెకానిక్ దొరుకుతాడు. పక్కకు జరిగే తలుపు పెద్దవాళ్లు ఎక్కడానికి అనువు. కానీ ఇంజిన్ ముందు సీట్ల కిందే ఉంటుంది, ఎండాకాలం ఆ వేడి తెలుస్తుంది. పైగా ముందు ముక్కంటూ లేదు. ఎదురుగా ఏదైనా గుద్దితే దెబ్బ నేరుగా ముందు కూర్చున్నవాళ్ల కాళ్లకే. బొగ్గు టిప్పర్లు, ఇసుక లారీలు తిరిగే భూపాలపల్లి దారిలో ఇది ఆలోచించుకోవాల్సిన విషయమే.

రెండోది ఈకో. 2010లో వచ్చింది, 1.2 లీటర్ల ఇంజిన్. ఇందులోనూ ఇంజిన్ ముందు సీట్ల కిందే కానీ, ముందు కాస్త ముక్కుంది. ఓమ్నీ పొడవు 3,370 మిల్లీమీటర్లు, దీనిది 3,675. అంటే అడుగు ఎక్కువ. చూడ్డానికి అడుగే! రాత్రి మోకాళ్లు మడుచుకోవాలా, చాపుకోవాలా అన్నది తేల్చేది ఆ అడుగే. ఇక ఫోర్స్ ట్రావెలర్, టాటా వింగర్ లాంటి పెద్ద బండ్లలో చోటుకు కొదవ లేదు. అయితే అమ్మకానికొచ్చేవి ఎక్కువగా కిరాయికి తిరిగిన పసుపు ప్లేటువి. తెల్ల ప్లేటుకు మార్పించుకోవడం, డీజిలు, ఇంటి ముందు నిలిపే చోటు... ఏడాదికి ఐదారు ప్రయాణాలకు అంత బరువు దేనికి?

అన్నట్టు, అంబులెన్సులుగా తిరిగిన ఓమ్నీలు కూడా చవగ్గా దొరుకుతుంటాయి. లోపల చదును, మనిషి పడుకునేంత చోటు. ఆర్సీలో మాత్రం అంబులెన్సనే ఉంటుంది, అది మార్పించుకోవాలి. మాస్టారికి అదీ తట్టింది. “గిదేంది బిడ్డా, దవాఖాన బండి తెచ్చినవ్? నేనెక్క” అని నాయనమ్మ గడపలోనే తేల్చేసింది.

మహబూబాబాద్‌లో ఓ బండి ఉందని తెలిసి ఆదివారం పొద్దున్నే అందరూ వెళ్లారు. తళతళలాడే ఓమ్నీ. కిటికీలకు పూల కర్టెన్లు, పైకప్పుకు రంగురంగుల లైట్లు, వెనక వెల్డింగ్ చేసిన మంచం, దాని కింద గ్యాస్ సిలిండర్, పక్కనే స్టవ్వు. గాలి కోసం కప్పు కోసి బిగించిన మూత. పిల్లలిద్దరూ ఎక్కి దిగనంటే దిగనన్నారు. “ఇయ్యాల అడ్వాన్స్ ఇయ్యకుంటే సాయంత్రానికి ఉండది సార్” అన్నాడు మధ్యవర్తి. మాస్టారి చెయ్యి జేబు దాకా వెళ్లింది. భార్య మాత్రం ఆర్సీ చూపించమంది. అందులో మంచం లేదు, మూత లేదు, క్యాంపర్ అన్న మాటా లేదు. కంపెనీ నుంచి వచ్చిన మామూలు ఓమ్నీ వివరాలే ఉన్నాయి.

ఇక్కడే చాలామంది దెబ్బతినేది. సొంత వాడకానికి ‘క్యాంపర్ వ్యాన్’ అనే వర్గం మన చట్టానికి తెలియనిదేమీ కాదు. కేంద్రం 2004లో ఇచ్చిన నోటిఫికేషన్‌లో రవాణాయేతర వాహనాల జాబితాలో అదీ ఉంది. కానీ ఆర్సీలో అలా రాసి ఉంటేనే అది క్యాంపర్. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు చెప్పిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. కప్పు కోసిన బండిని పోలీసులు ఆపితే జరిమానాతో పోవచ్చు. ప్రమాదం జరిగితే మాత్రం బీమా దగ్గర పేచీ మొదలవుతుంది. ఆ బండి అక్కడే ఆగిపోయింది. తిరుగు దారిలో పిల్లలు మాట్లాడలేదు.

నిజానికి మంచం వెల్డింగ్ చేయించనక్కర్లేదు. 1951లో జర్మనీలో వెస్ట్‌ఫాలియా కంపెనీ ఫోక్స్‌వ్యాగన్ వ్యాను కోసం ‘క్యాంపింగ్ బాక్స్’ అని ఓ చెక్కపెట్టె తయారుచేసింది. వారమంతా బండి పనికి తిరుగుతుంది, సెలవొస్తే పెట్టె లోపల పెడితే అదే పడక. సెలవయ్యాక తీసేయడమే. మన దగ్గరా వడ్రంగితో ప్లైవుడ్ పెట్టె చేయించుకోవచ్చు. కింద సామాన్లు, పైన పరుపు. సడన్ బ్రేకు వేస్తే ముందుకు దూసుకురాకుండా బెల్టులతో బిగించాలి. మరో మాట: ఏడు సీట్ల ఈకో కొని వెనక సీట్లు పీకేస్తే ఆర్సీలోని సీట్ల లెక్క తప్పుతుంది. కాబట్టి ఐదు సీట్లదే మేలు. వెనక సీటు ఎంతవరకు మడతపడుతుందో, మిగిలిన చోటెంతో బండి దగ్గరే టేపు పెట్టి కొలుచుకోవాలి. ఐదుగురూ లోపల పడుకోవచ్చని ఎవరైనా చెబితే నమ్మొద్దు. ఇద్దరు లోపల, మిగతావాళ్లు పక్కనే టెంటులో.

మాస్టారికి రెండో బండి కబురు భూపాలపల్లి నుంచి వచ్చింది. ఈకో. ఈసారి కొడుకు మెకానిక్ మామను వెంట తీసుకెళ్లారు. ఆయన ముందు ముట్టుకున్నది పెయింటును కాదు, ఇంజిన్‌ను. చల్లగా ఉంది. చూడ్డానికి వచ్చేసరికే వేడిగా ఉంటే ఉదయం స్టార్ట్ కావడానికి ఎంత మొరాయించిందో తెలీదు కదా! స్టార్ట్ చేయించి పొగ రంగు చూశారు. నీలంగా వస్తే ఇంజిన్ నూనె తాగుతున్నట్టే. తర్వాత మ్యాట్లు ఎత్తించారు. ఇలాంటి వ్యాన్లలో ఇంజిన్ కన్నా ముందు పోయేది అడుగు రేకు. తలుపు పట్టాల కింద, చక్రాల పైన స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటూ పోవాలి. తుప్పు పట్టి పల్చబడ్డ చోట చప్పుడు మారుతుంది. ఇంజిన్ బాగు చేయించుకోవచ్చు కానీ, అడుగు పోయిన బండిలో నిద్రేం పడుతుంది? కప్పు మీద రెండు బకెట్ల నీళ్లు పోయించి లోపల తడి చూశారు. టైర్ల మీద చివర ఉండే నాలుగంకెలూ చదివారు. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. దారాలు బాగున్నా పాతబడిన టైరు ఎండకు పగలొచ్చు.

నంబరు ప్లేటు కూడా కొంత కథ చెబుతుంది. ఏపీ 36 అంటే ఉమ్మడి రాష్ట్రం నాటి వరంగల్ బండి. టీఎస్ 25 భూపాలపల్లి, 26 మహబూబాబాద్, 27 జనగామ. ఈ జిల్లాలు 2016 అక్టోబరులో వచ్చాయి కాబట్టి ఆ నంబర్లూ ఆ తర్వాతవే. 2024 మార్చి నుంచి టీజీ. అయితే వేరే రాష్ట్రం నుంచి వచ్చి ఇక్కడ కొత్త నంబరు తీసుకున్న పాత బండ్లూ ఉంటాయి. అందుకే ఆర్సీలో తయారీ సంవత్సరం చూసి, ఛాసిస్ నంబరు బండి మీది దానితో కలుస్తోందో లేదో సరిచూసుకోవాలి. 2010లో రిజిస్టరైన బండికి 2025తోనే పదిహేనేళ్లు నిండాయి. ఆపైన ఐదేళ్లకోసారి రెన్యువల్, గ్రీన్‌ట్యాక్సు. 2022 ఏప్రిల్ నుంచి ఆ ఫీజులు బాగా పెరిగాయి. చవకని కొన్న పాతబండి ఇక్కడ తన అసలు ధర చూపిస్తుంది. ఫైనాన్స్ పేరు ఆర్సీలో ఉంటే అది తీయించే ఫారం 35 చేతికొచ్చాకే డబ్బివ్వాలి. బదిలీకి 29, 30 ఫారాలు. బీమా కూడా 14 రోజుల్లో కొత్త పేరు మీదికి మార్పించుకోవాలి.

కాగితాలన్నీ సరిపోయాయి. ఒక్క పరీక్ష మిగిలింది. దాన్ని మాస్టారు మర్చిపోయారు, ఆయన భార్య మర్చిపోలేదు. నాయనమ్మను ఎక్కించి చూడటం! అడుగు ఎత్తుకు మోకాలు లేవలేదు. బేరం చెడుతుందేమోనని మధ్యవర్తి ముఖం వాడిపోయింది. పక్కింట్లోంచి ఓ పీట తెచ్చి వేస్తే రెండంగల్లో ఎక్కేసింది. అంతే, అడ్వాన్స్ ఇచ్చేశారు.

మొదటి రాత్రి ఏ అడవిలోనో కాదు, జనగామలో సొంత వాకిట్లోనే గడపాలి. ఏది మర్చిపోయారో అప్పుడే తెలుస్తుంది. దోమతెర, టార్చి, తాగేనీళ్ల క్యాను, బండి వాలకుండా చక్రాలకు చెక్కలు... తెల్లారేసరికి ఓ పేజీ జాబితా తయారవుతుంది. రెండోసారి దగ్గరి చోటికి. మహబూబాబాద్ వైపు గణపతిదేవుడి సోదరి మైలాంబ తవ్వించిన బయ్యారం చెరువు, వానాకాలమైతే గూడూరు దగ్గర భీముని పాదం జలపాతం ఉన్నాయి. భూపాలపల్లి వైపు గణపురం కోటగుళ్లు, రాతిచిత్రాలున్న పాండవుల గుట్టలు. అడవిలో రాత్రి ఆగాలంటే అటవీశాఖ అనుమతి తప్పనిసరి. గుడి సత్రాలు, పెట్రోలు బంకుల దగ్గర ఆగితే మరుగుదొడ్డి దొరుకుతుంది. ఇంట్లో ఆడవాళ్లున్నప్పుడు ఆగే చోటును నిర్ణయించేది అందమైన దృశ్యం కాదు, ఇదే.

అన్నిటికంటే ముఖ్యమైంది ఊపిరి. 2024 డిసెంబరులో కేరళలోని వడకరలో రోడ్డు పక్కన ఆపిన క్యారవాన్‌లో ఇద్దరు చనిపోయి కనిపించారు. ఏసీ కోసం నడిపిన జనరేటరు నుంచి వచ్చిన కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరడమే కారణమని పరీక్షల్లో తేలింది. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్న మనిషికి తెలియను కూడా తెలియదు. అందుకే ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఏసీ వేసుకుని పడుకోకూడదు. లోపల స్టవ్వు, బొగ్గుల కుంపటి, దోమల చుట్ట ఏవీ వద్దు. వంట బండికి దూరంగా, బయటే. రెండువైపులా కిటికీలు నాలుగు వేళ్ల సందు తెరిచి, దానికి దోమతెర గుడ్డ అంటించుకుంటే చాలు.

కాళేశ్వరం ప్రయాణం ఫిబ్రవరిలో పెట్టుకున్నారు. చలీ ఎండా రెండూ లేని రోజులు. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరి, దారిలో రెండుచోట్ల ఆగి, ఎండెక్కేలోపు చేరాలని లెక్క. పీటను ముందు సీటు కింద పెట్టబోతే నాయనమ్మ ఒప్పుకోలేదు. “గది నా దగ్గర్నే ఉండనియ్యి. ఆ కిటికీ గుడ కొంచెం తెరువుండ్రి” అంటూ కాళ్లు చాపుకుంది.