ఆడేవాళ్లే రూలు రాసుకుంటే

భూమి ఉన్నోళ్లే శాసనసభలో కూర్చుని భూపరిమితి రాస్తే, సందులు ఎవరికి మిగులుతాయి? 1973 చట్టం ఐదుగురి కుటుంబానికి మాగాణి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట 35 నుంచి 54 ఎకరాలు అని హద్దు గీసింది. మాగాణిని మెట్టగా రాయించుకుంటే చాలు, హద్దు పెరిగినట్టే! 1977లో సవరణ తెచ్చి, ఒక్కో మేజరు కొడుకు లెక్కన మరో వాటా కలిపారు. 2023లో, ఇచ్చి 20 ఏళ్లు దాటిన అసైన్డ్ భూమి అమ్ముకోవచ్చన్నారు. ఈ హక్కు అమ్మే పేదోడికా, కొనే పెద్దోడికా?

కలువాయి మెట్ట కూలీలారా! మేము చెప్పేది ఒక్కటే: అప్పులోడి మాట విని పట్టా వదులుకోకండి. అడంగల్ తీయించి, నలుగురిలో చదివించండి. రూలు మారితే, ఎవరి కోసమో గ్రామసభలో నిలదీయండి.