లంక రైతు ఓటుకు తరుగు తీసేవాళ్ళకు

పల్లెటూరి ఓటరుకు ఆలోచన ఉండదనీ, ఎవరు ఎక్కువ ఇస్తామంటే వాళ్ళకే గుద్దేస్తాడనీ పట్నంలో కూర్చుని తీర్పు చెప్పేవాళ్ళు మనకు కొత్త కాదు. రుణమాఫీ అన్నా అదే మాట, పెట్టుబడి సాయం అన్నా అదే మాట. రెండు మూడేళ్ళుగా వాళ్ళకు ఒక ఉదాహరణ కూడా దొరికింది. శ్రీలంక జనం ఉచితాలకు ఆశపడి ఓట్లేశారట, దేశం దివాలా తీసిందట, రేపు మన గతీ అంతేనట. మన సభ్యుల్లోనే కొందరు ఈ మాట నమ్ముతున్నారు. అందుకే ఆ దేశపు రైతు అధ్యక్ష ఎన్నికల్లో ఏం చూసి ఓటేశాడో, ఆ తూకంలో మోసం ఎక్కడ జరిగిందో ఈ నెల వివరంగా రాస్తున్నాం.

మన రాష్ట్రపతిని ఎన్నుకునేది ఎంపీలు, ఎమ్మెల్యేలు. అక్కడ అలా కాదు. 1978 రాజ్యాంగం అధికారమంతా అధ్యక్షుడి చేతిలో పెట్టింది. ఆయనను జనం నేరుగా ఎన్నుకుంటారు. కాబట్టి అక్కడి వరి రైతుకు అధ్యక్ష ఎన్నిక అంటే ఎరువు ధర, నీటి విడుదల, ధాన్యం కొనుగోలు అన్నీ ఒకే చీటీలో తేలే వ్యవహారం.

ఆ చీటీ మీద ఎరువు బస్తా చాలా ఏళ్ళుగా ఉంది. 2005లో మహింద రాజపక్స యాభై కిలోల బస్తా 350 రూపాయలకే ఇస్తానని చెప్పి గెలిచాడు, ఇచ్చాడు కూడా. 2019లో ఆయన తమ్ముడు గొటబాయ వరి రైతుకు ఎరువు ఉచితమన్నాడు. ఆ ఏడాది నవంబరులో 52.25 శాతం ఓట్లతో గెలిచాడు. ఇంతవరకు చెప్పి, చూశారా, ఉచితానికి పడిపోయారు అంటారు మన తీర్పరులు. ఆ మేనిఫెస్టోలో ఇంకో మాట ఉంది. పదేళ్ళలో దేశాన్ని సేంద్రియ వ్యవసాయానికి మళ్ళిస్తామన్నది ఆ మాట. దాన్ని రైతులు ఎందుకు కాదనలేదో తెలియాలంటే అనురాధపుర, పొలన్నరువ జిల్లాల సంగతి తెలియాలి. 1990ల నుంచి ఆ వరి జిల్లాల్లో కిడ్నీ జబ్బు ఊళ్ళకు ఊళ్ళను పట్టి పీడిస్తోంది. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. నీళ్ళన్నారు, పురుగుమందులన్నారు, ఎరువులన్నారు. మన ఉద్దానం వాళ్ళకు ఈ బాధ విడమరచి చెప్పక్కర్లేదు. ఇంట్లో ఒకరు డయాలసిస్ మీద ఉన్న రైతుకు, విషం లేని సేద్యం తెస్తాం, పదేళ్ళ గడువు తీసుకుని నెమ్మదిగా తెస్తాం అని ఎవరైనా చెబితే వినడా? వింటాడు. అది తెలివితక్కువతనం ఎలా అవుతుంది?

మోసం గడువులో జరిగింది. పదేళ్ళన్నది పద్దెనిమిది నెలలు కూడా నిలవలేదు. 2021 ఏప్రిల్ చివర్లో నిర్ణయం, మే 6న గెజెట్. రసాయన ఎరువులు, పురుగుమందుల దిగుమతి మొత్తం బంద్. యాల పంట వేసే కాలం అది. దాని వెనకే పెద్ద పంట, అక్టోబరులో మొదలయ్యే మహా పంట ఉంది. దేశం మొత్తానికి చాలినంత కంపోస్టు ఎక్కడా లేదు. వ్యవసాయ శాస్త్రవేత్తలు వద్దన్నారు, రైతు సంఘాలు రోడ్డెక్కాయి. అయినా వినలేదు. అసలు తొందర రైతు ఆరోగ్యం గురించి కాదు. డాలర్లు అడుగంటుతున్నాయి, ఎరువుల దిగుమతి ఖర్చు మిగులుతుందన్న లెక్క కూడా అందులో ఉంది. చైనా నుంచి ఓడలో వచ్చిన సేంద్రియ ఎరువులో హానికర బాక్టీరియా ఉందని తిప్పి పంపేశారు. దించుకోని సరుకుకు చివరికి 67 లక్షల డాలర్లు కట్టారు. 2021-22 మహా పంటలో వరి దిగుబడి అంతకు ముందు ఏడాదికంటే మూడో వంతుకు పైగా పడిపోయింది. బియ్యంలో దాదాపు తన కాళ్ళ మీద తాను నిలబడ్డ దేశం బియ్యం దిగుమతి చేసుకుంది.

నిషేధాన్ని ఎత్తేసింది 2021 నవంబరులో. మన దేశంలో మూడు వ్యవసాయ చట్టాలను వెనక్కి తీసుకుంటున్నామని ప్రధాని ప్రకటించింది కూడా అదే నెల, 19న. రెండు చోట్లా వరస ఒకటే. రైతు మంచికేనన్నారు, రైతునే అడగలేదు. ఇక్కడ ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాది పాటు ఎండలో చలిలో కూర్చున్నందువల్ల చట్టాలు పోయాయి. అక్కడ పంట పోయాక నిషేధం పోయింది.

సేంద్రియ సేద్యాన్ని మేం తప్పు పట్టడం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి సేద్యం చేస్తున్నవాళ్ళు మన సంఘంలోనే ఉన్నారు. వాళ్ళను అడగండి, భూమి దారికి రావడానికి ఎన్ని పంటలు పట్టిందో చెబుతారు. గెజెట్ వేసిన మర్నాటికి నేల మారిపోతుందని వాళ్ళెవరూ అనరు.

ఇక దివాలా సంగతి. ఉచిత ఎరువే కొంప ముంచిందనేవాళ్ళు 2019 డిసెంబరును ఎందుకో మరిచిపోతారు. గద్దెనెక్కిన కొత్త ప్రభుత్వం చేసిన మొదటి పనుల్లో ఒకటి విలువ ఆధారిత పన్నును 15 శాతం నుంచి 8 శాతానికి తగ్గించడం. నెలకు పది లక్షల రూపాయల అమ్మకం దాటితే పన్ను కట్టాల్సిన వ్యాపారిని, రెండున్నర కోట్లు దాటితేనే కట్టమన్నారు. ఆదాయపు పన్నూ తగ్గించారు. ఖజానాకు పడ్డ ఆ గండి వరి రైతు బస్తా కోసం పడింది కాదు. పైన విదేశీ బాండ్ల అప్పు, ఆపైన కరోనా. 2022 ఏప్రిల్‌లో అప్పులు కట్టలేమని చేతులెత్తేశారు. జూలైలో జనం అధ్యక్ష భవనంలోకి వెళ్ళారు, గొటబాయ దేశం విడిచి పారిపోయాడు. ఉచితాల మీద ఉపన్యాసాలిచ్చేవాళ్ళు వ్యాపారులకు ఇచ్చిన పన్ను రాయితీని ఉచితం అని ఎప్పుడూ అనరు, గమనించారా?

ఇప్పుడు 2024 సెప్టెంబరు 21 ఎన్నికకు వద్దాం. పోటీలో 38 మంది, ఒక్క ఆడమనిషి లేదు. రైతు నిజంగా తూచి చూసింది ముగ్గురిని.

రణిల్ విక్రమసింఘేను అధ్యక్షుణ్ణి చేసింది జనం కాదు, 2022 జూలైలో పార్లమెంటులో పడ్డ 134 ఓట్లు. ఆయన వచ్చాక పెట్రోలు క్యూలు పోయాయి, ఎరువు దొరికింది. అది అబద్ధం కాదు. గ్యాస్ సిలిండర్‌నే గుర్తుగా పెట్టుకున్నాడు, క్యూలు పోగొట్టింది నేనేనని గుర్తు చేయడానికన్నట్టు. కానీ ద్రవ్య నిధి ఇచ్చిన 290 కోట్ల డాలర్ల రుణంతో పాటు షరతులొచ్చాయి. కరెంటు చార్జీలు 2022 ఆగస్టులో 75 శాతం, 2023 ఫిబ్రవరిలో మరో 66 శాతం పెరిగాయి. విలువ ఆధారిత పన్ను 18 శాతానికి ఎక్కింది. పైవాళ్ళకు తగ్గించిన పన్నుకు ఉప్పూ పప్పూ కొనేవాళ్ళ దగ్గర వడ్డీతో వసూలు! తేయాకు తోటల కూలీలకు రోజుకు 1,700 రూపాయలని మే డే సభలో ప్రకటించాడు. కంపెనీలు కోర్టుకెళ్ళాయి. ఎన్నికల ముంగిట అది 1,350 కనీస కూలి, 350 ప్రోత్సాహకం అన్న దగ్గర తేలింది. ప్రోత్సాహకమంటే ఏమిటో కూలి చేసేవాళ్ళకు తెలుసు.

సజిత్ ప్రేమదాస యాభై కిలోల బస్తా 5,000కు ఇస్తానన్నాడు. 350, ఉచితం, అసలే లేదు, చివరికి 5,000 అంటే అదే పెద్ద ఊరట. పందొమ్మిదేళ్ళలో బస్తా కథ అదీ.

మూడోవాడు అనుర కుమార దిసనాయకే. అయిదేళ్ళ కిందట 3.16 శాతం వచ్చిన మనిషి. ఊరు అనురాధపుర జిల్లాలో తంబుత్తేగమ, అచ్చమైన చెరువుల కింద వరి ప్రాంతం. (ఆ ఊరి పక్కనే కూడాగమలో పాములాడించే అహికుంటకులు ఉన్నారు, ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఎక్కడెక్కడికి పోయాం మనం!) 2004-05లో వ్యవసాయ మంత్రిగా చేశాడు. ఆయన పార్టీ జేవీపీకి 1971లో, మళ్ళీ 1987-89లో సాయుధ తిరుగుబాటు చరిత్ర ఉంది. రెండు వైపులా పారిన నెత్తురు పల్లెలింకా మరిచిపోలేదు. కుడి చేతిలో ఆ భయం, ఎడమ చేతిలో ఇంతవరకు తిన్న కుటుంబాలవాడు కాదన్న నమ్మకం పెట్టుకుని తూచారు. 42.31 శాతం వచ్చింది. సజిత్‌కు 32.76, రణిల్‌కు 17.27. రాజపక్సల వారసుడు నమల్‌కు 2.57. అయిదేళ్ళ కిందట 52 శాతం ఇచ్చిన జనమే ఆ కుటుంబాన్ని రెండున్నర దగ్గర నిలబెట్టారు. ఈ ఓటరుకా లెక్కలు రావంటున్నారు?

ఎవరికీ సగం దాటలేదు కాబట్టి ఆ దేశ చరిత్రలో మొదటిసారి రెండో ప్రాధాన్యం ఓట్లు లెక్కపెట్టారు. అక్కడ ఓటరు 1, 2, 3 అని ముగ్గురికి వరసగా అంకెలు వేయొచ్చు. పోటీ నుంచి తప్పుకున్నవాళ్ళకు పడ్డ 33 లక్షల పైచిలుకు ఓట్లలో, రెండో లెక్కలో పైయిద్దరికీ చేరినవి 2 లక్షల 73 వేలు మాత్రమే. మిగతావన్నీ పెట్టెలోనే ఉండిపోయాయి. మేం మెచ్చుకోలేనిది ఇక్కడే ఉంది. నచ్చినవాడు గెలవకపోతే మిగిలినవాళ్ళలో ఎవరు నయం అని చెప్పే హక్కు చేతిలో ఉన్నా ఎక్కువమంది వాడుకోలేదు. మనకైతే ఆ హక్కే లేదు.

ఉత్తరాన లెక్క పూర్తిగా వేరు. తమిళ జిల్లాల్లో, సైన్యం చేతిలో ఉన్న తమ భూములు ఎప్పుడు తిరిగొస్తాయన్న ప్రశ్న బస్తా ధరకంటే ముందుంది. అక్కడా, తేయాకు తోటల నువర ఎలియలోనూ సజిత్‌దే పైచేయి అయింది. యాభై రోజులు తిరిగాక, నవంబరు పార్లమెంటు ఎన్నికల్లో అనుర కూటమికి 225లో 159 సీట్లొచ్చాయి, జాఫ్నా జిల్లాలోనూ అదే మొదట నిలిచింది. రెండు నెలల్లో తూకం మార్చగల ఓటరును గొర్రె అనడానికి నోరెలా వస్తుంది?

కొత్త అధ్యక్షుడు రాగానే ఎరువు సాయాన్ని హెక్టారుకు 15,000 నుంచి 25,000కు పెంచుతున్నట్టు ప్రకటించారు. బాగుంది. ఆ చలికాలంలోనే బియ్యం కొరత వచ్చింది. ధాన్యం గోదాముల్లో దాచి ధర ఆడించే పెద్ద మిల్లర్ల ముందు కొత్త ప్రభుత్వమూ తడబడింది, బియ్యం దిగుమతి చేసుకుంది. 2025 ఫిబ్రవరిలో నాడు రకం ధాన్యం కిలోకు 120 రూపాయలని ధర ప్రకటిస్తే రైతులు చాలదన్నారు. ఓటేశాం కదా అని ఊరుకోలేదు. మాకు నచ్చింది అదీ.

మరి మన దగ్గర? మన ధాన్యంలో తేమ 17 శాతం దాటితే కాటా ఎక్కనివ్వరు, ఎక్కినా బస్తాకు ఇంత అని తరుగు తీస్తారు. నాయకుడి వాగ్దానానికి మాత్రం మనం తరుగు తీయం. ఆంధ్రలో అంతకు ముందు ప్రభుత్వం ఇచ్చిన 13,500లో కేంద్రం ఇచ్చే 6,000 కలిసే ఉంది. ఇప్పటివాళ్ళు ఇస్తామన్న 20,000లోనూ ఆ 6,000 కలిసే ఉంది. తెలంగాణలో ఎకరాకు 15,000 అన్నది 12,000 దగ్గర ఆగింది. కౌలు రైతు పేరు మేనిఫెస్టోలో ఉంది, లబ్ధిదారుల జాబితాలో చాలామంది పేర్లు లేవు. ఆంధ్రలో 2019 చట్టం కింద సాగుదారు కార్డు కావాలంటే భూమి యజమాని సంతకం కావాలి. సంతకం పెట్టే యజమాని ఎంతమందికి దొరికాడో మన గ్రామ కమిటీల దగ్గరే లెక్క ఉంది. ఎంత ఇస్తారని అందరం అడిగాం. ఎవరి పేరున ఇస్తారు, ఎప్పటిలోగా ఇస్తారు, ఆ మొత్తంలో వేరేవాళ్ళ డబ్బు ఎంత, ఏ జీవో రాసేముందు మమ్మల్ని పిలుస్తారు, మీ నిర్ణయం వల్ల పంట పోతే కట్టేదెవరు అని సభలో లేచి అడిగినవాళ్ళం ఎందరం?

గొటబాయను 2019లో ఒక్క మాట, ఆ పదేళ్ళలో మొదటి ఏడాది ఏం చేస్తావు అని అడిగి రాతపూర్వకంగా తీసుకుని ఉంటే 2021 మేలో రైతు చేతిలో ఒక కాగితమైనా ఉండేది. ఓడ దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అనుకునేవాళ్ళకు అడ్డం తిరగడానికి కాగితం కావాలి.

గ్రామ కమిటీలకు మా మనవి ఇది. గత రెండు అసెంబ్లీ ఎన్నికల మేనిఫెస్టోలు, అన్ని పార్టీలవీ, సంపాదించి కమిటీ దగ్గర ఉంచండి. వ్యవసాయం పేజీలు కౌలు రైతులను, కూలీలను, ఆడవాళ్ళను కూర్చోబెట్టి చదివించండి. చెప్పింది ఎంత, అందింది ఎంత, అందనిది ఎవరికి అన్నది ఊరి పేరుతో రాసి మండల కమిటీకి పంపండి. వచ్చినవి వచ్చినట్టు ఈ పత్రికలో వేస్తాం.