ర్యాంపెక్కిన చీర ఎవరిది?

"కథలు రాస్తారుగా, మీకు టేస్టుంటుంది. చీరలు మీరే సెలెక్ట్ చేయండి" అన్నారు. 2025 ఆగస్టు 7, జాతీయ చేనేత దినోత్సవానికి మా ఊళ్లో ఓ ఆడపిల్లల కాలేజీ ఫ్యాషన్ షో పెట్టింది. కథలకీ చీరలకీ సంబంధమేమిటో తెలియలేదు గానీ, పొగిడితే పడిపోనివాళ్లెవరు? ఒప్పేసుకున్నాను.

పన్నెండు మంది అమ్మాయిలు, ఒక్కొక్కరికి రెండేసి చీరలు. చూసేవాళ్లకు అరగంట ముచ్చట. తెర వెనక మాత్రం పెళ్లివారింటి హడావుడే. ఎవరు ఏ చీరతో ఎన్నో నంబరుగా రావాలో రాసుకోవాలి. చీర, జాకెట్టు, లంగా, గాజుల సంచీ ఒకే హ్యాంగరుకు తగిలించి, పైన అమ్మాయి పేరు చీటీ కట్టాలి. రెండో చీర మార్చుకోవడానికి ఉండేది మూడు నిమిషాలు. అందుకని కుచ్చిళ్లు ముందే పెట్టి పిన్నులు కొట్టేస్తాం. ఆ పిన్నుల సంగతి మళ్లీ చెబుతాను.

అసలు తిరకాసు ఎంపికలోనే ఉంది. స్టేజీకి కావలసింది దూరం నుంచి కనబడే చీర. పెద్ద పువ్వు, వెడల్పు అంచు, ముదురు రంగు. పొందూరు ఖద్దరు ఒకటి తెచ్చాను. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి శుభ్రం చేసి, చేత్తో వడికిన నూలు. చేత్తో ముట్టుకుంటే గానీ దాని సన్నదనం తెలీదు. "లైట్ల కింద తెల్లగుడ్డలా ఉంటుంది మేడం" అని పక్కన పెట్టించారు. సాదా మంగళగిరిదీ అదే గతి. అంటే షో చేనేతకు పెట్టినా, గెలిచేది చేతి పనితనం కాదు, మెరుపు.

ఓ షాపువాళ్లు పంపిన వాటిలో రెండు 'పోచంపల్లి' చీరలు తిరగేసి చూశాను. వెనకవైపు రంగు వెలవెలబోతోంది. అచ్చు వేసినవి! అసలు ఇక్కత్‌లో నేయకముందే నూలుకు కట్లు కట్టి రంగులో ముంచుతారు కాబట్టి రంగు రెండువైపులా ఒకేలా ఉంటుంది, డిజైను అంచులు కొద్దిగా చెదిరినట్టుంటాయి. మీరు కొనేటప్పుడూ తిరగేసి చూడండి. ఆ రెండింటినీ వెనక్కి పంపించేసరికి నాకు చాదస్తమన్న పేరొచ్చింది.

ఆ కట్లు కట్టేముందు ఆసు పోయాలి. మేకుల చుట్టూ దారాన్ని ఒక్కో చీరకు వేలసార్లు తిప్పడం. ఎక్కువగా ఆడవాళ్ల పనే. తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత పనివాళ్లు 35 లక్షల పైచిలుకు, అందులో 25 లక్షల మంది ఆడవాళ్లే. ఇంత మంది చేతులు పడ్డ బట్ట స్టేజీ ఎక్కాక మైకులో వినిపించేది షాపు పేరు, డిజైనరు పేరు.

పెద్దవాళ్ల షోల్లోనూ ఇంతే కదా. 2025 జూన్‌లో మిలాన్‌లో ప్రాడా కంపెనీ అచ్చం మన కొల్హాపురీ చెప్పుల్లాంటివి తొడిగి మోడల్స్‌ని నడిపించింది. కొల్హాపూర్ మాట ఎత్తలేదు. ఇక్కడ గోలయ్యాకే భారతీయ చెప్పుల స్ఫూర్తి అని ఒప్పుకుంది. మనం ప్రాడాని తిట్టుకున్నాం. మన స్టేజీ మీద జరిగింది మాత్రం మన కంటికి ఆనలేదు.

మా షోకు ఓ నేతకారు దంపతులు ఆరు చీరలు అరువిచ్చారు. "మరకలు పడకుండా చూడమ్మా, అమ్ముకోవాల్సినవి" అందావిడ. వాళ్ల పేర్లు చీటీ మీద రాసి ఇచ్చాను. చదవలేదు. స్పాన్సరు షాపు పేరు నాలుగుసార్లు చదివారు. తిరిగి మడతలు పెడుతుంటే ఒక చీరకు కుచ్చిళ్ల దగ్గర చిన్న చిరుగు కనిపించింది. పిన్ను లాగేసిన చోటు. ఆ పిన్ను పెట్టింది ఎవరో కాదు, నేనే. మూడు నిమిషాల తొందరలో పట్టు పోగు తెగిన చప్పుడు కూడా వినలేదు.

ఆవిడ చూసి ఏమీ అనలేదు. చిరుగు మీద వేలు పెట్టి రాసుకుంది, అంతే. ఆ చీర నేనే కొన్నాను, అడిగిన ధరకే. మా వారు "చిరుగు చీరకి అంత పోశావా?" అన్నారు. ఏం చెప్పను?

ఈసారి షోకి కూడా కబురొచ్చింది. మూడు మాటలడిగాను. అరువు చీరకు అద్దె ఇవ్వాలి. పిన్నుకు బదులు కుచ్చిళ్లకి క్లిప్పులు తెప్పించాలి. ఒక్కో అమ్మాయి నడిచేటప్పుడు నేసినవాళ్ల పేరు, ఆసు పోసినవాళ్ల పేరు మైకులో చదవాలి.

క్లిప్పులకు వెంటనే సరేనన్నారు. అద్దె సంగతి ప్రిన్సిపాల్ గారిని అడుగుతామన్నారు. పేర్లు చదివితే మాత్రం ప్రోగ్రాం లెంగ్తయిపోతుందట.