బురద కడిగే ముందే వీడియో తీయండి: వరదలో మునిగిన ఇంటికి బీమా క్లెయిమ్ ఎలా చేసుకోవాలి?

2024 సెప్టెంబరు 1న బుడమేరు వరద విజయవాడలోని సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట తదితర ప్రాంతాలను ముంచెత్తింది. చాలా కాలనీల్లో రోజుల తరబడి నీరు కదల్లేదు. నీరు తగ్గాక ఇళ్ల నిండా బురద మిగిలింది. అగ్నిమాపక యంత్రాలు వీధి వీధికీ వచ్చి ఇళ్లు, రోడ్లు కడిగాయి. తడిసిన పరుపులు, ఉబ్బిపోయిన చెక్క సామాన్లు రోడ్డు మీదకు చేరాయి.

ఇల్లు మునిగినవారు ఎవరైనా మొదట చేసేది ఆ పనే. పిల్లలు, పెద్దలు ఉన్న ఇంట్లో బురదను అలా వదిలేసి కూర్చోలేరు. కానీ ఇంటికి బీమా ఉన్నవారికి అక్కడే ఒక చిక్కు ఉంది. గోడ మీద నీటి గీత, ఫ్రిజ్‌లో చేరిన బురద, విరిగిన తలుపు... ఇవన్నీ నష్టానికి సాక్ష్యాలు. కడిగేసి, పారేసిన తర్వాత అవి మళ్లీ దొరకవు. అందుకే చీపురు పట్టుకునే ముందు ఫోన్ పట్టుకోవాలి.

ప్రభుత్వ సాయం వేరు, బీమా వేరు

విజయవాడ వరదల్లో మునిగిన గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రూ.25 వేలు, మొదటి అంతస్తు, ఆపైన ఉన్నవారికి రూ.10 వేలు ప్రకటించింది. ఇంట్లో ఎంత సామాను పోయిందన్న లెక్కతో సంబంధం లేకుండా ఇచ్చే మొత్తం ఇది.

బీమా అలా కాదు. ఏ వస్తువు పోయింది, దాని విలువెంత, వరద వల్లే పోయిందా అన్నవి తేలాకే కంపెనీ డబ్బు ఇస్తుంది. వాటిని చూపించాల్సింది పాలసీదారే.

మీకు బీమా ఉందేమో చూసుకోండి

గృహరుణం తీసుకున్నప్పుడు బ్యాంకు ఇంటికి బీమా చేయించి ఉండొచ్చు. ఆ సంగతి చాలామందికి గుర్తుండదు. రుణ పత్రాలు ఒకసారి తిరగేయండి, లేదా బ్యాంకు శాఖలో అడగండి.

2021 ఏప్రిల్ 1 నుంచి బీమా కంపెనీలు ‘భారత్ గృహ రక్ష’ పేరుతో ఒకే తరహా పాలసీని అందిస్తున్నాయి. అగ్నిప్రమాదం, తుపాను, వరద, భూకంపం వంటివి ఇందులో ఉన్నాయి. ఇంటి నిర్మాణానికి బీమా చేయిస్తే, ఆ మొత్తంలో 20 శాతం వరకు (గరిష్ఠంగా రూ.10 లక్షలు) ఇంట్లోని సామాన్లకూ రక్షణ దానంతటదే వస్తుంది. అద్దెకు ఉండేవారు సామాన్లకు మాత్రమే విడిగా తీసుకోవచ్చు.

నగదు, పత్రాలకు ఈ పాలసీలో రక్షణ ఉండదు. నగలు, కళాఖండాల వంటి విలువైన వాటికి అదనపు కవర్ తీసుకుని ఉండాలి. పార్కింగ్‌లో మునిగిన కారు, బైకుకు వాటి మోటార్ పాలసీ కిందే క్లెయిమ్ చేయాలి.

వీడియో ఎలా తీయాలి?

ముందు ప్రాణ భద్రత. మెయిన్ స్విచ్ ఆపి, గ్యాస్ సిలిండర్ కట్టేశాకే లోపలికి వెళ్లండి. నీరు చేరిన ఏ పరికరాన్నీ ‘పనిచేస్తుందా లేదా’ అని ఆన్ చేసి చూడొద్దు.

వీధిలో నుంచి మొదలుపెట్టండి. ఇంటి ముందు భాగం, డోర్ నంబరు, బయటి గోడ మీద నీటి గీత కనిపించాలి. ఆ రోజు తేదీ, సమయం నోటితో చెప్పండి. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి ఉంచితే మంచిది.

అక్కడి నుంచి ఆపకుండా ఒక్కో గదిలోకి నడవండి. ముక్కలు ముక్కలుగా తీస్తే ఏ వస్తువు ఏ ఇంట్లోదో తెలియదు. ప్రతి గదిలో నాలుగు గోడలు, నేల, పైకప్పు నెమ్మదిగా చూపించండి. నీటి గీత పక్కన కొలత టేపు పెట్టి ఎత్తు చూపించండి. మూడడుగుల నీరు నిలిచిందని తేలితే, అంతకంటే కింద ఉన్న వస్తువులు ఎందుకు పాడయ్యాయో వేరుగా చెప్పక్కర్లేదు.

తర్వాత వస్తువుల వంతు. ఒక్కోదాన్ని మూడు రకాలుగా తీయండి: అది ఉన్న చోటుతో సహా మొత్తం వస్తువు, కంపెనీ పేరు, సీరియల్ నంబరు ఉన్న స్టిక్కర్, పాడైన భాగం దగ్గరగా. తడిసిన స్టిక్కర్లు ఊడిపోతాయి కాబట్టి ఈ పని మొదటి రోజే చేయాలి. బీరువా కింది అరలు, వంటగది ప్లైవుడ్ అల్మరాలు, మంచం కింది పెట్టెలు, స్విచ్ బోర్డులు, ఇన్వర్టర్ బ్యాటరీ సాధారణంగా మరచిపోతుంటారు.

ఉన్నది ఉన్నట్టే చూపించండి. నష్టం పెద్దదిగా కనిపించాలని వస్తువులు అటూ ఇటూ మార్చితే, నిజంగా పోయిన వాటి మీదా అనుమానం వస్తుంది.

తీశాక ఫైల్ జాగ్రత్త

వాట్సాప్‌లో మామూలుగా పంపితే వీడియో నాణ్యత తగ్గుతుంది, తీసిన సమయం, చోటు వంటి వివరాలు పోతాయి. ‘డాక్యుమెంట్’గా పంపండి, లేదా డ్రైవ్ లింక్ ఇవ్వండి. అసలు ఫైల్‌ను ఎడిట్ చేయకుండా ఫోన్‌లోనే ఉంచి, మరోచోట ఇంకో కాపీ పెట్టుకోండి.

బిల్లులు కొట్టుకుపోతే? ఆన్‌లైన్ ఆర్డర్ల చరిత్ర, బ్యాంకు స్టేట్‌మెంట్, ఈఎంఐ పత్రాలు పనికొస్తాయి. గృహప్రవేశం వీడియో, పిల్లల పుట్టినరోజు ఫోటోల వెనుక కనిపించే టీవీ, సోఫా కూడా ఆ వస్తువులు మీ ఇంట్లో ఉండేవని చెప్పే ఆధారాలే.

సర్వేయర్ వచ్చేదాకా బురదలోనే ఉండాలా?

అక్కర్లేదు. నష్టం మరింత పెరగకుండా చూసుకోవడం పాలసీదారు బాధ్యత కూడా. వెంటనే కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు తీసుకోండి. వీడియో పూర్తయ్యాక శుభ్రం చేస్తున్నట్టు మెయిల్ పెట్టండి. కుళ్లిపోయే సరుకులు పారేయొచ్చు. టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ వంటి ఖరీదైనవి మాత్రం సర్వేయర్ చూసేదాకా ఒక మూలన ఉంచండి. మరమ్మతు చేయిస్తే తీసేసిన పాత భాగాలు, మెకానిక్ రాసిచ్చిన అంచనా దాచండి.

వీడియో ఉంది కదా అని సర్వే అవసరం లేదనుకోవద్దు. నష్టాన్ని లెక్కగట్టేది సర్వేయరే. ఆయన వచ్చేసరికి ఇల్లు కడిగేసి ఉంటే, అంతకు ముందు ఎలా ఉందో చూపించేది మీ వీడియో.

గడువులు ఇవీ

గృహ రక్ష పాలసీలో నష్టాన్ని గుర్తించిన 30 రోజుల్లోగా క్లెయిమ్ ఫారం ఇవ్వాలి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 జూన్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, క్లెయిమ్ తెలిపిన 24 గంటల్లో కంపెనీ సర్వేయర్‌ను కేటాయించాలి. సర్వేయర్ 15 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. అది అందిన 7 రోజుల్లో కంపెనీ నిర్ణయం చెప్పాలి.

తిరస్కరిస్తే, తక్కువ ఇస్తే?

కారణం రాతపూర్వకంగా అడగండి. ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. ‘బీమా భరోసా’ పోర్టల్‌లో లేదా 155255 నంబరులో ఐఆర్‌డీఏఐకి ఫిర్యాదు చేయొచ్చు. నెలలోగా కంపెనీ జవాబివ్వకపోయినా, ఆ జవాబు నచ్చకపోయినా ఏడాదిలోగా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకు ఈ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. రూ.50 లక్షల వరకు పరిహారం వివాదాలు ఇక్కడ తేలుస్తారు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు.

వాన లేని రోజే మంచి రోజు

వరద తర్వాత తీసే వీడియో ఏం పోయిందో చూపిస్తుంది. ముందు ఏం ఉండేదో చూపించడానికి మరో వీడియో కావాలి. ఈ ఆదివారం పది నిమిషాలు కేటాయించి, అన్ని గదులూ తిరుగుతూ బీరువాలు తెరిచి ఒకసారి తీసి పెట్టుకోండి. బిల్లులు, పాలసీ కాపీ ఫోటోలు కూడా అదే ఫోల్డర్‌లో ఉంచండి. ఆ ఫోల్డర్ ఫోన్‌లో మాత్రమే కాకుండా క్లౌడ్‌లోనూ ఉండాలి. వరదలో ఇంటితో పాటు ఫోన్ కూడా మునగొచ్చు.